మరలో మిగిలిన పొడి

ఏ గింజలు కావాలని ముందు అడగను.
"దేంట్లో కాస్తారు?" అంటాను.
త్రియెస్తే రేవులో, కాలువ పక్క సందులో
ఇరవై రెండేళ్ళుగా
ఇదే నా మొదటి ప్రశ్న.

సెనాద్ బోస్నియా మనిషి, తాపీ మేస్త్రి.
నోటితో జవాబు చెప్పడు,
బొటనవేలూ చూపుడువేలూ కలిపి రుద్దుతాడు.
అంటే, జల్లెడ పట్టిన సున్నమంత మెత్తన.
అతని రాగి జెజ్వాలో వడకట్టడం ఉండదు,
నీళ్ళతో పాటు పొడీ కప్పులోకి వస్తుంది,
తనంతట తనే అడుక్కి దిగాలి.
కాస్త పలుకున్నా పంటి కింద ఇసుకే.
అంత మెత్తదనానికి మర మూలుగుతుంది.
ఉక్కు పళ్ళు రెండూ తాకీ తాకనట్టు తిరుగుతుంటే
నేను కళ్ళు మూసుకుని చెవితో తూస్తాను.

ఓడ వంటవాడు తూర్లెయ్ఫ్ ఏడాదికి రెండుసార్లు వస్తాడు.
ఐదు కిలోలు, కల్లుప్పంత బరక.
నార్వేలో వాళ్ళమ్మ చేసినట్టే
కెటిల్లో మరగనిచ్చి, దించి,
పైకి తేలిన పొడి మునిగేదాకా కూర్చుంటాడట.
"అంతసేపు ఎవరాగుతారు?" అన్నాను ఒకసారి.
"నడిసముద్రంలో మాకు కొరత
ఓపిక్కి కాదమ్మా" అన్నాడు.

ఇక దమ్యాన్.
గాజు గరాటు, కాగితం, చేతిలో గడియారం.
"మూడు నిమిషాలకు దిగాలి, నిన్న నాలుగైంది."
అర గీత వదులు చేశాను.
మర్నాడు వచ్చి, "రెండున్నర!"
తప్పు నాదీ కాదు, మరదీ కాదు.
రాత్రంతా బోరా గాలి వీచింది,
గింజ ఎండి పెళుసెక్కింది.
ఆ కుర్రాడు అదీ పుస్తకంలో రాసుకున్నాడు,
తేదీ వేసి మరీ.

ఒందీనా గారిది ఎనిమిది పలకల మోకా కుండ.
ఉప్పు కన్నా బరక, రవ్వ కన్నా మెత్తన,
ఆ రెంటి మధ్య ఆవిడకు మాత్రమే తెలిసిన ఒక చోటుంది.
మరీ మెత్తనైతే ఆవిరికి దారి దొరకదు,
కోపం దిగమింగిన మనిషిలా కుండ బుసకొడుతుంది.
మరీ బరకైతే
నీళ్ళు పలకరించకుండానే వెళ్ళిపోతాయి.

ఒందీనా, సెనాద్ ఒకే మెట్ల ఇంట్లో ఉంటారు,
ఆవిడ కింద, అతను పైన.
ఏదో గొట్టం, ఏదో చెమ్మ, ఎవరో అన్న మాట.
రెండేళ్ళుగా
అతను లోపలుంటే ఆవిడ బయట చలిలో నిలబడేది.
లోపలికొచ్చాక ఒకటే మాట:
"నివెస్, మొదటి గుప్పెడు తీసెయ్."

అడగడం న్యాయమే.
ఎంత దులిపినా మర తన గొంతులో
కొంచెం దాచుకుంటుంది.
గీత మార్చి తిప్పగానే
ముందు రాలేది, అంతకు ముందు వచ్చినవాళ్ళ పొడి.
పారేయడానికి చేతులు రావు నాకు.
బల్ల కింద బిస్కెట్ల డబ్బా ఉంది,
అందులో వేస్తాను.

రాత్రి తలుపు మూశాక నా కాఫీ ఆ డబ్బాలోదే.
సున్నమూ, ఉప్పూ, రవ్వా, ఇసుకా
అన్నీ కలిసిన ఆ పొడి ఏ కుండలోనూ ఇమడదు.
కాగితం పూడుకుపోతుంది, మోకా అలుగుతుంది.
పాల గిన్నెలో మరిగించేస్తాను.
మెత్తనిదంతా చేదు దిగేలోగా
బరకది ఇంకా పులుపు దగ్గరే ఉంటుంది.
ఒక్క గుక్కలో రెండూ.
అలవాటైపోయింది.

ఫిబ్రవరిలో, వీధికి కట్టిన తాళ్ళు పట్టుకుని జనం నడిచే రోజున,
సెనాద్ అలా వెళ్ళాడో లేదో
ఆవిడ వచ్చింది, జుట్టంతా రేగిపోయి.
గీత మార్చాను.
మొదటి గుప్పెడికి చెయ్యి అడ్డం పెట్టాను.

"ఉండనీ" అంది.

తలెత్తి చూశాను.
ఆవిడ చిల్లర లెక్కపెట్టుకుంటోంది.
కోటు చేతి అంచున సున్నం మరక,
ఇంకా తడిగానే ఉంది.

పొట్లం కట్టి ఇచ్చాను.
గాలి తలుపు లాక్కుంటే
ఇద్దరం కలిసి మూశాం.

ఆ రాత్రి డబ్బాలో
ఒక గుప్పెడు తక్కువైంది.
నీళ్ళు తగ్గించి కాచుకున్నాను.